కోరింత దగ్గు గుట్టు విప్పిన జూల్ బోర్డే

రాజుల పట్టాభిషేకాలను, యుద్ధాలు జరిగిన సంవత్సరాలను కంఠస్థం చేసే మనం, పసితనంలో మన ప్రాణాలను కాపాడినవారి పేర్లను మాత్రం ఎరుగం. మన ఇళ్లలో బిడ్డకు ఆరు వారాలు నిండగానే తల్లి ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకొనిపోయి టీకా వేయిస్తుంది. ఆ రాత్రి బిడ్డకు ఒళ్లు వెచ్చబడుతుంది. తొడ మీద సూది గుచ్చినచోట కొంచెం గట్టిపడుతుంది. ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర ఉండదు. రెండు రోజులలో అంతా సర్దుకొంటుంది. ఆ సంగతి అందరూ మరచిపోతారు. ఆ టీకాలో ఇమిడివున్న మందులలో ఒకటి కోరింత దగ్గును నివారించేది. ఆ దగ్గును పుట్టించే సూక్ష్మజీవిని మొదటిసారి ప్రయోగశాలలో పెంచి లోకానికి చూపినవారిలో ప్రముఖుడు బెల్జియం దేశీయుడైన జూల్ బోర్డే. ఆ శాస్త్రవేత్త జీవితాన్ని, ఆయన ప్రారంభించిన పని నేటికీ ఏ విధంగా అసంపూర్ణంగా మిగిలివున్నదో ఆ విషయాన్ని, మా శక్త్యనుసారం ఈ వ్యాసంలో విద్యార్థి మిత్రుల ముందుంచుతున్నాం.

తెలుగులో కోరింత దగ్గు అనీ, ఉర్దూలో కాలీ ఖాంసీ అనీ పిలువబడే ఈ వ్యాధి, మా కళాశాలలోని ఉభయ భాషల విద్యార్థుల ఇళ్లలోనూ పెద్దలు ఎరిగినదే. మొదటి వారం పది రోజులు ఇది మామూలు జలుబువలెనే కనిపిస్తుంది. తరువాత దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఊపిరి తీసుకొనే వ్యవధి లేకుండా బిడ్డ దగ్గి దగ్గి, ముఖం కందిపోయి, చివరకు కూతవంటి ధ్వనితో గాలిని లోపలికి పీల్చుకొంటుంది. తాగిన పాలు కక్కుకొంటుంది. వారాల తరబడి ఈ యాతన సాగుతుంది. నెలల పసికందులలో అయితే ఆ కూత కూడ వినిపించకపోవచ్చు, ఊపిరే ఆగిపోవచ్చు. ఈ వ్యాధి సూక్ష్మజీవి మనుష్యులనే ఆశ్రయించి బతుకుతుంది. అందువల్ల పసిబిడ్డకు ఈ జబ్బు తెచ్చిపెట్టేది ఏ పురుగో, ఏ నీరో కాదు. బిడ్డను ప్రేమతో ఎత్తుకొనే మనుష్యులే. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా మా మనవి. వ్యాసం చివర దీనితో పని ఉన్నది.

జూల్ బోర్డే 1870 జూన్ 13న బెల్జియంలోని స్వాన్యీ అనే పట్టణంలో జన్మించారు. ఆ ఊరు రాతి గనులకు ప్రసిద్ధి. తండ్రి బడిపంతులు. బోర్డేకు నాలుగేళ్ల వయస్సులో తండ్రికి రాజధాని బ్రస్సెల్స్‌లో ఉద్యోగం దొరకడంతో కుటుంబం అక్కడికి తరలివెళ్లింది. ధనిక కుటుంబం కాదు. చదువుకు విలువనిచ్చే కుటుంబం. పాఠశాలలో చదివే రోజులలోనే బోర్డేకు రసాయనశాస్త్రం పట్ల మక్కువ ఏర్పడింది. పదహారవ ఏట బ్రస్సెల్స్ స్వేచ్ఛా విశ్వవిద్యాలయంలో చేరి, 1892లో వైద్యపట్టా పొందారు. విద్యార్థిగా ఉన్నప్పుడే సూక్ష్మజీవుల స్వభావం గురించి ఆయన చేసిన పరిశోధన ప్యారిస్ నగరపు పాశ్చర్ సంస్థ పత్రికలో అచ్చయింది. దానిని గుర్తించి బెల్జియం ప్రభుత్వం విద్యార్థివేతనం మంజూరు చేసింది. ఆ వేతనంతో 1894లో ఆయన ప్యారిస్ చేరుకొన్నారు.

ఆనాటి పాశ్చర్ సంస్థ ప్రపంచంలోని యువ శాస్త్రజ్ఞులందరికీ తీర్థస్థలం వంటిది. బోర్డే అక్కడ ఎలీ మెచ్నికాఫ్ ప్రయోగశాలలో చేరారు. ఆ కాలంలో శాస్త్రజ్ఞుల మధ్య ఒక పెద్ద వివాదం సాగుతూ ఉండేది. శరీరంలో ప్రవేశించిన రోగక్రిములను ఎవరు చంపుతున్నారు? రక్తంలోని తెల్లకణాలు క్రిములను మింగి జీర్ణం చేసుకొంటున్నవని మెచ్నికాఫ్ కనుగొన్నారు. సర్వమూ ఆ కణాల మహిమేనని ఆయన వాదించేవారు. జర్మనీ శాస్త్రజ్ఞులు రక్తరసిలోనే, అంటే రక్తం గడ్డకట్టిన తరువాత పైన తేలే పసుపుపచ్చని ద్రవంలోనే, క్రిములను సంహరించే పదార్థం ఉన్నదని వాదించేవారు. 1894లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, టీకా వేసిన గినీ పంది ఉదరకుహరంలోకి కలరా క్రిములను ఎక్కిస్తే అవి కరిగిపోవడాన్ని గమనించి ప్రకటించారు. కాని అది ఎట్లా జరుగుతున్నదో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇరవై అయిదేళ్ల బోర్డే ఆ చిక్కుముడిని 1895లో ఒక గాజుగొట్టంలో విప్పారు. ఆయన చేసిన ప్రయోగం మన కళాశాల విద్యార్థులు సైతం అర్థం చేసుకోగలిగినంత సరళమైనది. టీకా వేసిన జంతువు నుండి తాజాగా తీసిన రక్తరసిలో కలరా క్రిములను కలిపితే అవి గొట్టంలోనే నశించాయి. అదే రక్తరసిని 55 డిగ్రీల వరకు వేడిచేసి కలిపితే క్రిములు నశించలేదు. ఇంతవరకు తేలిక. తరువాతి మెట్టులోనే ఆయన ప్రతిభ ఉన్నది. వేడిచేసి నిర్వీర్యమైన ఆ రక్తరసికి, ఏ టీకా వేయని మామూలు జంతువు తాజా రక్తరసిని కొంచెం చేర్చారు. పోయిన శక్తి తిరిగివచ్చింది, క్రిములు నశించాయి. మామూలు రక్తరసి ఒక్కటే ఆ పని చేయలేదు.

దీనిని బట్టి రక్తంలో రెండు వేర్వేరు పదార్థాలు కలిసి పనిచేస్తున్నవని తేలింది. మొదటిది టీకా వల్ల గాని, వ్యాధి వల్ల గాని కొత్తగా పుట్టేది, వేడికి చెడనిది, ఫలానా క్రిమినే గుర్తుపట్టేది. దానిని మనం నేడు ప్రతిదేహం అంటున్నాం. రెండవది అందరి రక్తంలోనూ సహజంగా ఉండేది, వేడికి నశించేది, క్రిమి ఏదైనా పనిచేయగలది. దానిని బోర్డే ఆనాటి వాడుకను అనుసరించి అలెక్సిన్ అన్నారు; నేడు కాంప్లిమెంట్ అంటున్నాం. పగవాడిని చూపించేది ఒకటి, వేటువేసేది మరొకటి. ఒకటి లేనిదే రెండవది పనికిరాదు.

ఈ ఫలితం గురువుగారి సిద్ధాంతానికి పూర్తిగా అనుకూలమైనది కాదు. అయినా శిష్యుడు దానిని దాచలేదు, గురువు అడ్డుపెట్టలేదు. ఆ ప్రయోగశాల నుండే అది ప్రకటితమయింది. తరువాత కూడ 1901 వరకు బోర్డే అక్కడే పనిచేశారు. పాశ్చర్ మహాశయుడు కన్నుమూసిన సంవత్సరం కూడ 1895 కావడం ఇక్కడ స్మరించదగిన విషయం. గురుశిష్యుల మధ్య అభిప్రాయభేదం అగౌరవం కాదని, సత్యాన్ని వెదికేవారికి అది సహజమేనని ఈ ఉదంతం వల్ల మనం గ్రహించవచ్చు.

1897లో బోర్డే దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ ప్రాంతానికి వెళ్లి, పశువులను మందలు మందలుగా హతమార్చుతున్న పెద్దరోగానికి చికిత్సను వెదికే పనిలో పాల్గొన్నారు. 1898లో ఆయన మరొక ముఖ్య విషయాన్ని కనుగొన్నారు. కుందేలు రక్తాన్ని గినీ పందులకు ఎక్కిస్తే, ఆ గినీ పందుల రక్తరసి కుందేలు ఎర్రకణాలను కరిగించే శక్తిని పొందుతుంది. అక్కడ కూడ అదే రెండు పదార్థాల సహకారం. అంటే శరీరం రోగక్రిములకు మాత్రమే కాదు, తనది కాని ఏ జీవకణానికైనా ఇదే విధంగా ప్రతిక్రియ చూపుతుందన్నమాట. 1899లో ఆయనకు మార్త్ లెవోజ్‌తో వివాహం జరిగింది. వారికి ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు కలిగారు.

1901లో బ్రబాంట్ రాష్ట్రం వారు బ్రస్సెల్స్‌లో కుక్కకాటు చికిత్సకూ, సూక్ష్మజీవుల పరిశోధనకూ ఒక సంస్థను నెలకొల్పి, దానికి అధిపతిగా ఉండవలసిందని బోర్డేను ఆహ్వానించారు. ప్యారిస్ కీర్తిని విడిచి ఆయన స్వదేశానికి మరలివచ్చారు. 1903లో పాశ్చర్ సతీమణి అనుమతితో ఆ సంస్థకు బ్రస్సెల్స్ పాశ్చర్ సంస్థ అనే పేరు వచ్చింది. అక్కడ ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు బావమరది వరసైన ఆక్టావ్ జాంగూ. వీరిద్దరూ 1901లోనే ఒక పరీక్షను రూపొందించారు. ప్రతిదేహం తన క్రిమిని పట్టుకొన్నప్పుడల్లా కాంప్లిమెంట్ అక్కడ ఖర్చయిపోతుంది. కనుక కాంప్లిమెంట్ మిగిలివున్నదా లేదా అని చూస్తే, రోగి రక్తంలో ఫలానా వ్యాధికి ప్రతిదేహాలు ఉన్నవో లేవో తెలిసిపోతుంది. కంటికి కనబడని ఘటనను ఎర్రకణాలు కరగడమో, కరగకపోవడమో అనే కంటికి కనబడే గుర్తు ద్వారా తెలుసుకోవడమే ఇందలి నేర్పు. 1906లో జర్మనీకి చెందిన వాసర్‌మన్, ఆయన సహచరులు ఈ పద్ధతినే సుఖవ్యాధి అయిన సిఫిలిస్‌ను గుర్తించడానికి వాడారు. ఆ పరీక్ష ప్రపంచమంతటా వాసర్‌మన్ పేరుతో వ్యాపించింది. పునాది వేసినవారి పేరు చాలమందికి తెలియదు.

జర్మనీకి చెందిన మరొక మహాశాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిఖ్‌తో బోర్డేకు చాలకాలం వాదం నడిచింది. ఒక్కొక్క ప్రతిదేహానికి తగిన కాంప్లిమెంట్లు అనేకం ఉన్నవని ఎర్లిఖ్ అనేవారు; ఉన్నది ఒక్కటే అని బోర్డే అనేవారు. ప్రతిదేహం తాళానికి తాళంచెవివలె అతుకుతుందని ఎర్లిఖ్ ఊహ. వస్త్రానికి రంగు పట్టినట్లు పడుతుందని బోర్డే ఊహ. నేటి విజ్ఞానం ఇద్దరికీ సగం సగం మార్కులే వేస్తుంది. కాంప్లిమెంట్ అనేది ఒకే పదార్థం కాదు, 30కి పైగా ప్రొటీనులు వరుసగా ఒకదానిని మరొకటి మేలుకొలిపే వ్యవస్థ. అయితే క్రిమికొక కాంప్లిమెంట్ ఉండదు, అన్నిటికీ అదే వ్యవస్థ. ప్రతిదేహపు అతుకు విషయంలో ఎర్లిఖ్ ఊహే సత్యానికి దగ్గర. చిత్రమేమంటే, బోర్డే కనుగొన్న పదార్థానికి లోకం స్థిరపరచుకొన్న పేరు కాంప్లిమెంట్; అది ఎర్లిఖ్ పెట్టినది.

ఇక మన ముఖ్య విషయానికి వద్దాం. 1900లో బోర్డే, జాంగూ కోరింత దగ్గుతో బాధపడుతున్న ఒక పసిబిడ్డ కఫాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించినప్పుడు, చిన్న చిన్న అండాకారపు సూక్ష్మజీవులు అసంఖ్యాకంగా కనిపించాయి. చూడడం వేరు, రుజువు చేయడం వేరు. దానిని విడిగా పెంచి చూపనిదే వ్యాధికారణం అదేనని చెప్పరాదు. మామూలు పోషకాలపై అది పెరగదు. వారు ఆరు సంవత్సరాలు ఓపిక పట్టారు. బంగాళాదుంపల సారాన్ని గ్లిజరిన్‌తో తీసి, అగార్‌తో కలిపి, అందులో ధారాళంగా రక్తాన్ని చేర్చి ఒక కొత్త పోషక మాధ్యమాన్ని తయారుచేశారు. దానిపై 1906లో ఆ సూక్ష్మజీవి పెరిగింది. వ్యాధి ముదిరిన తరువాత కఫంలో ఈ క్రిములు తగ్గిపోతాయనీ, తొలిదశలో తీసిన కఫమే పరీక్షకు తగినదనీ కూడ వారు గ్రహించారు.

ఆ సూక్ష్మజీవే నేరస్థురాలని నిరూపించడానికి బోర్డే ఉపయోగించిన సాక్ష్యం తాను స్వయంగా సృష్టించిన పరీక్షయే. కోరింత దగ్గు నుండి కోలుకొన్న పిల్లల రక్తరసిలో ఈ క్రిమికి ప్రతిదేహాలు ఉన్నవని కాంప్లిమెంట్ పరీక్ష చూపింది. 1895 నాటి గాజుగొట్టం, 1901 నాటి పరీక్ష, 1906 నాటి క్రిమి ఒకే దారానికి గుచ్చిన పూసలైనాయి. బంగాళాదుంప, రక్తం కలిపిన ఆ మాధ్యమం బోర్డే-జాంగూ మాధ్యమం అనే పేరుతో నేటికీ పాఠ్యగ్రంథాలలో ఉన్నది.

1907లో ఆయన తాను చదివిన విశ్వవిద్యాలయంలోనే సూక్ష్మజీవశాస్త్ర ఆచార్యులైనారు. 1935 వరకు బోధించారు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి, బెల్జియం జర్మనీ సైన్యాల వశమైంది. విశ్వవిద్యాలయం మూతబడింది. పరిశోధనకు సాధనాలు కరువైన ఆ రోజులలో బోర్డే నిరాశపడి కూర్చోలేదు. అంటువ్యాధులలో రోగనిరోధక శక్తిని గురించి తనకు తెలిసినదంతా ఒక బృహద్గ్రంథంగా రచించారు. అది 1920లో వెలువడింది. అదే ఏడాది, 1919వ సంవత్సరానికి గాను వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు ప్రకటించబడింది. కాలేజీ తెరవలేదని, పుస్తకాలు దొరకలేదని కాలం వృథా చేసే మనకు ఆ నాలుగేళ్లు చెప్పే పాఠం వివరించి చెప్పనక్కరలేదు.

మహనీయుల జీవితచరిత్రలలో వారి పొరపాట్లను కప్పిపుచ్చడం ఆచారంగా ఉన్నది. మేము ఆ ఆచారాన్ని పాటించదలచలేదు. బాక్టీరియాలను కరిగించే బాక్టీరియోఫేజ్ అనే అతిసూక్ష్మ వస్తువును గురించి 1920 తరువాత పెద్ద వివాదం చెలరేగింది. అది బాక్టీరియాలను ఆశ్రయించి చంపే వైరస్ అని డెరెల్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పారు. కాదు, బాక్టీరియాలోనే పుట్టే ఒక గుణమని బోర్డే పట్టుబట్టారు. కాలం డెరెల్ చెప్పినదే నిజమని తేల్చింది. అయితే బోర్డే చూసినది కూడ కల్ల కాదు. కొన్ని ఫేజ్‌లు బాక్టీరియా లోపల అణగివుండి తరతరాలకు సంక్రమిస్తాయి. ఆయన పరిశీలన సరైనది, దానికి చెప్పిన భాష్యం సరికాదు. ఈ తేడా సైన్సు విద్యార్థులందరూ గమనించదగినది.

కోరింత దగ్గు క్రిమి దొరికింది గనుక టీకా కూడ వెంటనే దొరుకుతుందని లోకం ఆశించింది. చంపిన క్రిములతో టీకాలు చేయడానికి బోర్డే, జాంగూ ప్రయత్నించారు, ఇతరులూ ప్రయత్నించారు. నమ్మకమైన ఫలితం రావడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. డెన్మార్క్‌కు చెందిన థోర్వాల్డ్ మాడ్సెన్ ఫారో దీవులలో 1923-24లోను, 1929లోను వచ్చిన మహమ్మారుల సమయంలో టీకాను పరీక్షించి, అది వ్యాధి తీవ్రతను, మరణాలను తగ్గిస్తుందని చూపారు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో గ్రాండ్ రాపిడ్స్ అనే ఊరిలో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అనే ఇద్దరు స్త్రీలు 1932లో ఈ పనికి పూనుకొన్నారు. ఇద్దరూ మునుపు బడిలో పాఠాలు చెప్పినవారే. ఆర్థికమాంద్యపు రోజులవి. పగలంతా ప్రయోగశాలలో పనిచేసి, సాయంకాలం పేదల ఇళ్లకు వెళ్లి, దగ్గుతున్న పిల్లల నోటి ముందు బోర్డే-జాంగూ మాధ్యమం నింపిన పళ్లేలను పట్టి క్రిములను సేకరించేవారు. ఆ శ్రమ నుండి గట్టి పునాది గల టీకా వచ్చింది. తరువాత అది కంఠసర్పి, ధనుర్వాతం టీకాలతో కలిసి, మనమందరం ఎరిగిన డి.పి.టి. అయింది. మన దేశంలో 1978లో మొదలైన విస్తృత టీకా కార్యక్రమంలోను, 1985లో మొదలైన సార్వత్రిక టీకా కార్యక్రమంలోను దానికి స్థానం లభించింది.

1940లో బోర్డే సంస్థ బాధ్యతలను తన కుమారుడు పాల్ బోర్డేకు అప్పగించారు. 1952లో శాస్త్రజ్ఞులు కోరింత దగ్గు క్రిమిని పాత వర్గం నుండి వేరుచేసి బోర్డెటెల్లా అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. తన పేరు ఆ విధంగా శాశ్వతం కావడాన్ని ఆయన కళ్లారా చూశారు. 1961 ఏప్రిల్ 6న, తొంభయ్యవ ఏట బ్రస్సెల్స్‌లో పరమపదించారు.

సాధారణంగా జీవితచరిత్రలు ఇక్కడితో ముగుస్తాయి. కాని బోర్డే వదలిపోయిన కథ ఇంకా ముగియలేదు. చంపిన క్రిమిని మొత్తంగా వాడే పాత టీకా జ్వరాన్ని, వాపును కలిగిస్తుంది. 1970-80 మధ్య కొన్ని దేశాలలో దాని మీద భయం వ్యాపించింది. జపానులో 1975లో టీకా వేసిన తరువాత ఇద్దరు పిల్లలు మరణించడంతో తాత్కాలికంగా నిలిపివేశారు. తిరిగి ప్రారంభించినా తల్లిదండ్రులు ముందుకు రాలేదు. ఫలితంగా 1979లో అక్కడ సుమారు 13,000 మందికి వ్యాధి సోకి, 41 మంది మరణించారు. బ్రిటన్‌లో కూడ అటువంటి భయం వల్లనే టీకాలు తగ్గి, పెద్ద మహమ్మారులు వచ్చాయి. అప్పుడు జపాను శాస్త్రజ్ఞులు క్రిమిలోని కొన్ని ప్రొటీనులను మాత్రమే శుద్ధిచేసి కొత్త టీకాను తయారుచేశారు. 1981లో అక్కడ వాడుకలోకి వచ్చిన ఆ టీకాను తరువాత సంపన్న దేశాలు అనేకం స్వీకరించాయి. మన దేశపు ప్రభుత్వ టీకా కార్యక్రమం మాత్రం చంపిన క్రిమి టీకానే కొనసాగించింది.

కొత్త టీకా జ్వరాన్ని తగ్గించింది. కాని మరొక లోపం బయటపడింది. దాని రక్షణ కొద్ది సంవత్సరాలకే సన్నగిల్లుతుంది. 2010లో అమెరికాలోని కాలిఫోర్నియాలో 9,000 మందికి పైగా ఈ వ్యాధి బారిన పడ్డారు. 10 మంది పసికందులు మరణించారు. తరువాత కొద్ది సంవత్సరాలకు అమెరికా శాస్త్రజ్ఞులు బబూన్ అనే కోతులపై చేసిన ప్రయోగాలు మరింత ఆలోచింపజేశాయి. కొత్త టీకా వేసిన కోతులకు జబ్బు చేయలేదు. అయితే వాటి ముక్కులలోను, గొంతులలోను క్రిములు వారాల తరబడి నివసించాయి. పక్క కోతులకు అంటుకొన్నాయి కూడ. అనగా టీకా తీసుకొన్నవారు క్షేమంగానే ఉంటారు గాని, తమకు తెలియకుండానే క్రిమిని మోయవచ్చు. మొదట మేము గుర్తుంచుకోమన్న మాట ఇదే. బిడ్డకు వ్యాధిని తెచ్చేది ఎత్తుకొనే చేతులే.

ఇందుకు కారణం వ్యాధి స్వభావంలోనే ఉన్నది. ఈ క్రిమి రక్తంలోకి చొరబడదు. శ్వాసనాళాల లోపలి పొరపై ఉండే సన్నని నూగును పట్టుకొని, అక్కడే ఉండి విషాలను వదులుతుంది. కండరానికి గుచ్చిన టీకా రక్తంలో ప్రతిదేహాలను సమృద్ధిగా పుట్టిస్తుంది. ముక్కులోని శ్లేష్మపొరను కాపాడవలసిన ఇమ్యునోగ్లోబ్యులిన్-ఎ అనే ప్రత్యేక ప్రతిదేహాన్ని మాత్రం తగినంతగా పుట్టించదు. వ్యాధి సోకి కోలుకొన్నవారి ముక్కులో, ఊపిరితిత్తులలో కొన్ని జ్ఞాపక కణాలు కాపురముండి, క్రిమి తిరిగివస్తే వెంటనే ఎదుర్కొంటాయి. ప్రొటీనుల టీకా అటువంటి కణాలను అక్కడ నిలుపలేకపోతున్నది. కోట లోపల సైన్యం ఉన్నది. ద్వారం వద్ద కావలివాడు లేడు.

మరొక విచిత్రం చెప్పాలి. బోర్డే కనుగొన్న క్రిమి, బోర్డేయే కనుగొన్న కాంప్లిమెంట్ నుండి తప్పించుకొనే విద్యను నేర్చుకొన్నది. దానిపై ఉండే కొన్ని ప్రొటీనులు కాంప్లిమెంట్ పనిని అడ్డుకొంటాయని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. ఒకే మనిషి చేతిలో బయటపడిన ఆయుధమూ, శత్రువూ ఒకదానితో ఒకటి పోరాడుతూనే ఉన్నాయి.

ద్వారం వద్ద కావలి పెట్టే ప్రయత్నం బ్రస్సెల్స్‌కు ఎంతో దూరం లేని ఫ్రాన్సులోని లీల్ నగరంలో మొదలైంది. మనం ఎరిగిన బి.సి.జి. టీకా పుట్టిన ఊరు అది. అక్కడి పాశ్చర్ సంస్థలో కమీ లోక్త్, ఆయన సహచరులు కోరింత దగ్గు క్రిమిని చంపకుండానే దాని కోరలు పీకారు. దాని విషాలలో ఒకదానిని జన్యువుతో సహా తొలగించారు. రెండవదానిని నిర్విషం చేశారు. మూడవదానిని అత్యల్పానికి తగ్గించారు. ఈ బలహీనమైన సజీవ క్రిమిని సూదితో కాక ముక్కులోనికి పంపి, ఎలుకలలో రక్షణను చూపుతూ 2006లో ప్రకటించారు. బోర్డే క్రిమిని పెంచిన 1906కు అది సరిగా నూరవ సంవత్సరం. స్వీడన్‌లో మనుష్యులపై జరిగిన మొదటి పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. అమెరికాలో 280 మంది ఆరోగ్యవంతులైన పెద్దలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. ముక్కు టీకా తీసుకొన్నవారి ముక్కులో ఆ కావలి ప్రతిదేహాలు పుట్టాయి. సూదిమందు తీసుకొన్నవారిలో అవి నిలకడగా కనిపించలేదు. తరువాత అదే బలహీన క్రిమిని తిరిగి ముక్కులోకి పంపి చూస్తే, ముక్కు టీకా తీసుకొన్నవారిలో అత్యధికులలో అది నిలదొక్కుకోలేకపోయింది.

ఇది ఇంకా పరీక్షలలో ఉన్నదేగాని మన ఆరోగ్య కేంద్రానికి వచ్చిన మందు కాదు. పెద్దలలో పనిచేసినది పసిబిడ్డలలో ఎట్లా పనిచేస్తుందో, ఆ రక్షణ ఎన్నేళ్లు నిలుస్తుందో కాలమే తేల్చాలి. ముక్కు ద్వారా ఇచ్చే టీకా అనే ఆలోచన మాత్రం మనకు పరాయిది కాదు. 2022లో హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన కోవిడ్ ముక్కు టీకాకు మన దేశంలో అనుమతి లభించింది. అంతవరకు ఇప్పుడు మన చేతిలో ఉన్న టీకాను వేళకు వేయించడమే వివేకం. జపాను తల్లిదండ్రులు లోపంలేని మందు కోసం ఎదురుచూసి, లోపమున్న మందును వదలుకొని, ఎంత మూల్యం చెల్లించారో చూశాం.

బోర్డే జీవితం నుండి మేము గ్రహించినది ఇది. ఆయన చూసినదానిని రుజువు చేయడానికి ఆరేళ్లు ఆగారు. ఆయన పరీక్ష ఇతరుల పేరుతో చెలామణి అయింది, ఆయన పదార్థానికి ఇతరులు పేరు పెట్టారు. అయినా ఆయన పని ఆగలేదు. ఒక వివాదంలో ఓడారు కూడ. ఆయన వదలిన దారపు కొసను ఫారో దీవులలో ఒకరు, మిషిగన్‌లో ఇద్దరు, జపానులో కొందరు, లీల్‌లో మరికొందరు అందుకొన్నారు. ఆ కొస ఇంకా ముడిపడలేదు. మా కళాశాల ప్రయోగశాలలో నేడు సూక్ష్మదర్శినిపై వంగి చూస్తున్న విద్యార్థినీ విద్యార్థులలో ఎవరో ఒకరు రేపు దానిని అందుకొంటారని ఆశిస్తూ, ఈ వ్యాసాన్ని ముగిస్తున్నాం.